కోట తలుపు గడియ

పద్మనాభం నుంచి రోజూ వైజాగ్ ఉద్యోగానికి వెళ్లొచ్చే నాకు, గోస్తనీ ఒడ్డున పాత కోట ఒకటుందని తెలుసు. లోపలికి వెళ్లింది మాత్రం ఆ సాయంత్రమే. చీకటి పడుతుండగా వాన అందుకుంది. గాలికి కోట తలుపు కొట్టుకుంటుంటే మూసి, లోపలి నుంచి గడియ పెట్టాను.

కోట ఊడ్చే కాసులమ్మ చీపురు వదిలేసి పరుగున వచ్చింది.

"గడియెందుకేసినావు బాబూ? మా జాలరోల్లం ఈ తలుపుకి గడియెయ్యం."

"ఏటి, ఎందుకని?"

"దొరల కాలంలో పెద్ద తుపానొచ్చి ఏరు పొంగిపోయింది. ఆ రేత్రి మావోల్లు పిల్లల్నెత్తుకొచ్చి ఈ తలుపే కొట్టారు. లోపలున్న దొరలు తియ్యనేదు. తెల్లారేసరికి కొట్టడానికి ఎవులూ మిగల్నేదు."

గోడ మీది బోర్డు నేను అప్పటికే చదివాను. ఆ తుపానులో కోట చెక్కుచెదరలేదని గొప్పగా రాశారు. అదే ఆమెతో అన్నాను.

"అవును. సెక్కు సెదర్నేదు," అంది కాసులమ్మ.

సిగ్గేసి గడియ తీయబోయాను. అప్పుడే బయటి నుంచి ఎవరో తలుపు తట్టారు. గట్టిగా కూడా కాదు. నా మోకాలి ఎత్తులో, చిన్న అరచేత్తో తట్టినట్టుంది. ఆగింది. కాసేపు వాన చప్పుడొక్కటే వినిపించింది. మళ్లీ తట్టారు. ఈసారి కాస్త పైన ఇంకో చెయ్యి. ఆ తర్వాత చాలా చేతులు.

నేను గడియను బలంకొద్దీ అదిమి పట్టుకున్నాను. ఆ సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది.

కాసులమ్మ నా చేతివైపే చూస్తోంది.

"నువ్వూ తియ్యవేటి బాబూ?"