రాణిచీమ ఇచ్చిన మాట

సంఘం అన్న మాట చెవిన పడితే చాలు, ఓనరు ఒంటికాలి మీద లేచేవాడు.

ఆయనది కార్టూన్ సినిమాలు తయారుచేసే స్టూడియో. పెద్ద కంపెనీలు కథ ఇస్తే బొమ్మలకు ప్రాణం పోసి పంపడం అక్కడి పని. వారంలో ఏడు రోజులూ అదే పని. ఆదివారమైనా సెలవు కావాలని బొమ్మలు గీసేవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. దానికి కార్యదర్శి పెన్సిలు. సన్నగా పొడుగ్గా ఉంటాడని అందరూ పెట్టిన పేరు అది. అతను మాట్లాడదామని ముందు గుమ్మంలోంచి వస్తే, ఓనరు వెనక గుమ్మంలోంచి జారుకునేవాడు. ఈమధ్య పెన్సిలు కూతురు తండ్రిని చూసి "అంకుల్ వచ్చారమ్మా" అందట. ఆ సంగతి చెప్పుకుని స్టూడియో అంతా నవ్వింది గానీ పెన్సిలుకి నవ్వు రాలేదు.

ఓనరుకి ఏ సినిమా ఎప్పటికి అందించాలో కంఠతా వచ్చు. అందులో కథేమిటన్నది ఆయనకు అక్కర్లేదు. ఆయన దిగులు వేరు. కుర్రతనంలో హీరో అవుదామని కాళ్ళరిగేలా తిరిగాడు. ఎవరూ వేషం ఇవ్వక చివరికి ఓనరుగా మిగిలిపోయాడు. ఇంట్లో ఆ ఊసెత్తితే భార్య టీవీ సౌండు పెంచేది.

అందుకే ఆయనకు స్టూడియోలోని అద్దాలగది అంటే ప్రాణం. బొమ్మ ఎలా కదలాలో తెలియాలంటే ముందు మనిషి నటించి చూసుకోవాలి. దాన్ని కెమెరాలో పట్టి, చూసుకుంటూ గీయాలి. ఆ నటనకు పెట్టిన గది అది. లోపల అడుగుపెట్టినవాళ్ళు ఎంతటివాళ్ళైనా ఏదో ఒక వేషం కట్టాల్సిందే. ఆ రూలు పెట్టింది ఓనరే.

ఆరోజు ఆయన కాఫీ కప్పుతో హాలు దాటుతున్నాడు. కంప్యూటర్లన్నీ నీలం నీలంగా వెలుగుతున్నాయి. సీట్లలో ఒక్క మనిషీ లేడు. అద్దాలగది తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంది.

తొంగి చూస్తే, పెన్సిలు మోకాళ్ళ మీద ఉన్నాడు. వెనక స్టాఫంతా బారుగా వంగి నిలబడ్డారు. ఇంటికి వెళ్ళడానికి వీలుపడని రోజుల్లో ఆఫీసులోనే పడుకోవడానికి తెచ్చుకున్న దిండ్లు అందరి వీపులకూ కట్టి ఉన్నాయి.

"ఏమిటయ్యా ఇదంతా?"

"చీమలం సార్," అన్నాడు పెన్సిలు. "రాణిచీమకు మొరపెట్టుకుంటున్నాం. రాణి వేషం దగ్గరే చిక్కొచ్చిపడింది. ఆ హుందాతనం మాలో ఎవరికీ రావడం లేదు."

ఓనరు కాఫీ కప్పు కిటికీలో పెట్టేశాడు. గోడకు వేలాడుతున్న పచ్చగుడ్డ లాగి భుజాల చుట్టూ కప్పుకుని, ఎత్తు స్టూలెక్కి కూర్చున్నాడు. కెమెరా ఎర్రగా మెరిసింది.

"చెప్పండి. ఏమిటి మీ బాధ?"

"ఏడు రోజులూ మోస్తున్నాం తల్లీ. నడుములు పడిపోయాయి. ఇంట్లో పిల్లలు మా మొహాలు మర్చిపోతున్నారు. ఆదివారం ఒక్కరోజు మమ్మల్ని ఇంటిపట్టున ఉండనివ్వండి." పిల్లల మాట దగ్గర పెన్సిలు నిజంగానే ఏడ్చేశాడు.

ఓనరు స్టూలు మీద ముందుకు వంగాడు. వీడిలో ఇంత నటుడున్నాడా అనుకున్నాడు.

"కుదరదు. చేతకానివాళ్ళు వెళ్ళిపోవచ్చు," అని గర్జించాడు. రోజూ వాడే మాటే కాబట్టి తడుముకోకుండా వచ్చేసింది.

"అదరగొట్టారు సార్," అని పెన్సిలు గొంతు తగ్గించాడు. "కాకపోతే ఇక్కడ రాణి మనసు కరగాలి. అది మహా కష్టం. పోనీ, కోపంతోనే కానిచ్చేద్దాం లెండి."

ఓనరుకి రోషం వచ్చింది. తనవల్ల కాకపోవడమా? కళ్ళు మూసుకుని, వేషాల కోసం ఎక్కి దిగిన గుమ్మాలన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి బొటబొటా నీళ్ళు కారాయి.

"నా బిడ్డల్లారా, మీ కష్టం కళ్ళెదురుగా ఉన్నా చూడలేకపోయాను. ఈ వారం నుంచి ఆదివారం మీ అందరికీ సెలవు. ఎవరు అడ్డొచ్చినా, రేపు నేనే అడ్డొచ్చినా, ఈ మాటకు తిరుగులేదు."

చీమలన్నీ చప్పట్లు కొట్టాయి. కొన్ని కళ్ళు తుడుచుకున్నాయి కూడా.

"అంత బాధ ఎక్కడినుంచి తెచ్చావయ్యా?" పెన్సిలు భుజం తట్టాడు ఓనరు.

"అంతా మీ దయే సార్."

ఆ వీడియో చూసుకుని ఓనరు మురిసిపోయాడు. సినిమా ఇచ్చిన పెద్ద కంపెనీకి తనే స్వయంగా పంపాడు. ఇంటికెళ్ళి భార్యకూ చూపించాడు. ఆవిడ టీవీ కట్టేసి మరీ చూసింది.

"పోనీలెండి, ఇన్నాళ్ళకు ఒక మంచిపని చేశారు."

"మంచిపని కాదే, నటన."

"ఏదైతేనేం. మీకు నప్పింది."

ఆదివారం స్టూడియోకి వెళితే వాచ్‌మన్ తప్ప నరమానవుడు లేడు. ఓనరు పెన్సిలుకి ఫోన్ చేశాడు.

"ఇవాళ సెలవు కదా సార్." వెనక ఎవరో చిన్నపిల్ల కిలకిలా నవ్వుతోంది.

"సెలవిచ్చింది రాణిచీమయ్యా, నేను కాదు."

"మీరే అడ్డొచ్చినా తిరుగులేదన్నారు సార్. మేం నమ్మేశాం."

ఫోన్ పెట్టేసి చూస్తే పెద్ద కంపెనీ నుంచి మెసేజి. స్టాఫుకి ఆదివారం సెలవని ఇంత సరదాగా ప్రకటించిన ఓనరుని మేమెక్కడా చూడలేదు, మా ఆఫీసంతా మీ వీడియో చూసి మెచ్చుకుంది అని.

ఓనరు తల పట్టుకున్నాడు. తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అది ప్రకటన కాదు, మీ సినిమాలో సీనేనని చూపిస్తే సరి, అటు కంపెనీ నోరూ ఇటు సంఘం నోరూ మూతపడతాయి. ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని, తన స్టూడియోలో తయారవుతున్న సినిమాను మొట్టమొదటిసారి ఆసాంతం చూశాడు.

సముద్రం అడుగున జరిగే ఆ కథలో తిమింగలాలున్నాయి, పీతలున్నాయి, ఓ ముసలి తాబేలు కూడా ఉంది గానీ, చీమ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.