మూడో వద్దు

బల్లలు తుడవాలి, వంట యంత్రంలో బియ్యం, పప్పు పోయాలి, కూజాల్లో నీళ్లు నింపాలి. ఆ తర్వాత వరహాలమ్మ అసలు పని మొదలవుతుంది: తినేవాళ్లను కొసరి కొసరి అడగడం. విజయనగరంలోని జోగారావు భోజన హోటల్లో వండటం, వడ్డించడం యంత్రాలే చూసుకుంటాయి.

ఒక రోజు జోగారావు, తినేవాళ్లను తామే అడిగే బల్లలు కూడా తెప్పించాడు. అవి పనికొస్తే తనకు పని ఉండదని వరహాలమ్మకు తెలుసు.

"ఇంకొంచెం అన్నం పెట్టమంటారా?" అంది బల్ల.

"వద్దు," అన్నాడు రోజూ వచ్చే లెక్కల మాస్టారు. బల్ల ఊరుకుంది. ఆయన ఖాళీ విస్తరి వంక ఓసారి చూసి లేచిపోయాడు. మధ్యాహ్నానికల్లా అందరూ అలాగే అర్ధాకలితో లేచారు.

"ఏటమ్మా వరాలమ్మా, నువ్వడిగితే తింటారు, ఇదడిగితే తినరేటి?" అన్నాడు జోగారావు.

వరహాలమ్మ గుండె కుదుటపడింది. నవ్వేసింది.

"మొదటి వద్దు మర్యాదకి బావూ. రెండోది మొగమాటానికి. మూడోదే కడుపు సెప్పిన మాట. ఆమాత్రం తెల్దేటి దానికి?"

జోగారావు ఆ మాటే బల్లలకు నేర్పించాడు. మర్నాటి నుంచి ఆవిడను రావద్దన్నాడు.

ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా బల్లలు మూడుసార్లు అడుగుతున్నాయి. మూడోసారికి మీరు "సరే, కొంచెం" అన్నప్పుడు, వరహాలమ్మను ఒక్కసారి తలుచుకోండి.