గుండీల ఆట

"అయితే మా పాపను ఇవాళే తీసుకెళ్ళిపోతారా మేడమ్?"

ఇస్త్రీ పని చేసే ఆ మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగాడు. అడ్డంగా నిలబడ్డానన్న సంగతి కూడా అతనికి తెలిసినట్టు లేదు.

"ముందు నన్ను లోపలికి రానివ్వండి. ఆ సంగతి తర్వాత," అంది పిల్లల సంరక్షణ అధికారిణి.

ఒకటే గది. ఒక మూల పొయ్యి, గిన్నెలు. కిటికీ కింద బల్ల, దాని మీద అక్కడక్కడా మాడిన దుప్పటి, నీళ్ళు చల్లి చుట్టిపెట్టిన చొక్కాలు, నిలబెట్టిన ఇస్త్రీ పెట్టె. దాని సెగ గుమ్మం దాకా తగులుతోంది. గోడవారన పొడుగుచేతుల చొక్కా వేసుకున్న పాప. ఎడమ చొక్కాచెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది. దాని కింద కట్టు. ఆ కట్టు చూసే బడివాళ్ళు ఫిర్యాదు చేశారు.

"చెయ్యి ఏమైందమ్మా?"

"పెట్టె తగిలింది." పాప పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నాన్న తగిలించాడా?"

"పెట్టె తగిలింది."

"నేను చూడలేదు మేడమ్," అన్నాడు తండ్రి. "బట్టలిచ్చి వచ్చేసరికి ఏడుస్తోంది. వేడి పెట్టె అలా వదిలేసి వెళ్ళింది నేనే. తప్పు నాదే."

"పని ధ్యాసలో పడితే ఆయనకి ఒళ్ళు తెలీదండీ. పాపం, కావాలని చేస్తారా?" అంది పొయ్యి దగ్గరున్న తల్లి, మెత్తగా.

ఆమె గొంతే అంత. వచ్చే ముందు అడిగితే ఇరుగుపొరుగు కూడా ఆ మాటే చెప్పారు. ఆవిడ పల్లెత్తు మాట అనగా ఎవరూ వినలేదట. ఆ ఇంట్లోంచి వినపడే అరుపులన్నీ ఆయనవేనట.

అధికారిణి మరింక ప్రశ్నలు వెయ్యలేదు. నేర్పిన జవాబు ఎన్నిసార్లు అడిగినా మారదని ఆమెకు అనుభవమే. చేతిసంచి తెరిచి పిల్లల బింగో ఆట బయటికి తీసింది. గళ్ళ నిండా బొమ్మలున్న అట్టలు, చిన్న గుడ్డసంచిలో విడి బొమ్మలు.

"అందరం కలిసి ఒక ఆట ఆడదాం."

తండ్రి తెల్లబోయాడు. "పిల్లను లాక్కుపోవడానికి వచ్చి ఆటలేంటి మేడమ్?"

"మీరు ముగ్గురూ కలిసి ఎలా ఉంటారో నేను చూడాలి. కూర్చోండి. సంచిలోంచి ఒకరు బొమ్మ తీసి పేరు చెబుతారు. అది ఎవరి అట్ట మీద ఉంటే వాళ్ళు ఆ గడిలో ఏదైనా పెట్టాలి. వరస నిండినవాళ్ళు బింగో అని అరవాలి. గళ్ళలో పెట్టే బిళ్ళలే పోయాయి..."

"గుండీలు! మా నాన్న దగ్గర బోలెడున్నాయి!"

పాప బల్ల కిందికి దూరి ఒక రేకు డబ్బా ఈడ్చుకొచ్చింది. ఇస్త్రీలో ఊడిపోయిన చొక్కా గుండీలన్నీ తండ్రి అందులో దాస్తాడు.

"బొమ్మలు నేను తీస్తాను," అంది తల్లి.

"చేప."

"నాకు! నాకు!"

"పెట్టు మరి... గొడుగు."

అది అధికారిణి అట్ట మీద ఉంది.

"పిల్లి."

తండ్రి అట్టంతా వెతుకుతున్నాడు.

"నాన్నా, నీదే! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?"

"ఇది పిల్లా? మీసాలు చూసి మీ హెడ్మాస్టరు అనుకున్నా."

పాప పడీ పడీ నవ్వింది. అధికారిణికీ నవ్వొచ్చింది కానీ బయటపడలేదు. కొట్టే తండ్రుల పక్కన కూడా నవ్వే పిల్లల్ని ఆమె చూసింది.

"ఇస్త్రీ పెట్టె."

తండ్రి చేతిలోంచి గుండీ జారిపోయింది. తల ఎత్తలేదు. అధికారిణి పాప వేళ్ళ వైపే చూస్తోంది.

"మా నాన్నది!" అని పాప గట్టిగా అరిచింది. డబ్బా అంతా కెలికి, ఉన్నవాటిలోకి పెద్ద గుండీ ఏరి తన అట్ట మీద ఆ గడిలో పెట్టింది. పెట్టి, తండ్రి మోకాలికి ఆనుకుని కూర్చుంది. "ఓడిపోయావా నాన్నా? ఏడుస్తున్నావా? ఛీ, ఇంత పెద్దాడివి!"

"ఏడవట్లేదే తల్లీ. ఆవిరి."

అధికారిణి నిదానంగా ఊపిరి వదిలింది. ఈ పిల్లకు తండ్రి అంటే భయం లేదు. పొరపాటున తగిలిందే అయ్యుంటుంది. ఆట అయ్యేదాకా ఆ మనిషిని అలా చంపుకుతినడం ఆమెకు నచ్చలేదు.

"భయపడకండి," అంది. "పాప ఎక్కడికీ రాదు. ఈ ఇంట్లోనే ఉంటుంది."

అతను చేతులెత్తి దణ్ణం పెట్టబోయి, చొక్కాచేత్తో మొహం తుడుచుకున్నాడు. తల్లి అతని భుజం నిమిరింది.

"ఉండండి, ఉండండి, ఆట అవ్వలేదు!" పాప అట్ట మీదికి వంగింది. "నాకింక ఒక్కటే గడి! అది వస్తే బింగో!"

తల్లి సంచిలో చెయ్యి పెట్టింది. తీసిన బొమ్మను పాప వైపు తిప్పింది.

"గరిటె," అంది అదే మెత్తని గొంతుతో. "పెట్టు బంగారం."

పాప గుండీ కింద పడేసింది. కుడి చొక్కాచెయ్యి మోచేతి దాకా మడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ చెయ్యి అమ్మ ముందుకు చాపింది.