అరిగింది ఎటు పోయింది?

"సార్, జిడ్డు మళ్ళీ వచ్చాడు."

గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్‌లో ఆ మాట అనగానే ఇన్‌చార్జికి అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్లలు పాలల్లో కలుపుకుని తాగే పొడి తయారు చేసే ఫ్యాక్టరీ అది. అక్కడి మిక్సర్లన్నీ ఆయన చేతికిందే. మిక్సర్ లోపలి గోడలకు అంటుకున్న పొడిని గీకడానికి గట్టి ప్లాస్టిక్ పట్టీలుంటాయి, వాటిని స్క్రేపర్లంటారు. అవి అమ్ముకోవడానికి తిరిగే మనిషి రోజు విడిచి రోజు వచ్చి ప్రాణం తోడేస్తున్నాడు. జిడ్డు అని పేరు పెట్టింది వాచ్‌మనే.

"రానీ. ఈరోజుతో వీడి సంగతి తేల్చేస్తాను."

జిడ్డు వచ్చి నిలబడ్డాడు. వెలిసిపోయిన చొక్కా, చేతిలో ఒక సంచీ అయినా లేదు.

"స్క్రేపరు అంచు కొలిచారా సార్?"

"కొలిచాం. బాగానే ఉంది."

కొలవలేదు. కొలవాలంటే మూత తీయాలి, మూత తీయాలంటే మిక్సరు ఆపాలి. ఆపితే టార్గెట్ తప్పుతుంది, పైవాళ్ళతో అక్షింతలు పడతాయి. అందుకని ఈ పెద్దమనిషి వారం వారం కుర్చీలోంచి లేవకుండానే రిజిస్టర్లో 'బాగుంది' అని రాసి పడేస్తున్నాడు.

"మీరెప్పుడో తీసి పారేసిన పాతది గేటు పక్క చెత్తలో చూశాను సార్. సగం అరిగిపోయింది. ఆ అరిగిందంతా ఎటు పోయినట్టు?"

"ఎటు పోతే నీకెందుకయ్యా?"

"పొడిలోకేగా సార్. పసిపిల్లలు తాగేది."

ఇన్‌చార్జికి ఒళ్ళు మండిపోయింది. తన ఫ్యాక్టరీకి వచ్చి తనకే పాఠాలు చెప్పడమా? అదీ నాలుగు పట్టీలు అంటగట్టి కమీషన్ కొట్టేయడానికి.

"పిల్లల పేరు చెప్పి సరుకు అమ్ముకోవడానికి సిగ్గుండాలి. నీ రేటెంతో చెప్పి దయచెయ్."

జిడ్డు చేతులు జోడించాడు.

"రేటు కనుక్కుని చెప్తాను సార్. ముందు ఒక్కసారి మూత తీసి చూడండి. మీకు దణ్ణం పెడతాను."

"రేటు తెలియకుండా అమ్మడానికి బయల్దేరావా? నడు బయటికి."

జిడ్డును మళ్ళీ లోపలికి వదిలితే ఉద్యోగం ఊడుతుందని వాచ్‌మన్‌ని కూడా హెచ్చరించాడు. పీడ విరగడైందనుకుని కాఫీ తెప్పించుకుని తీరిగ్గా తాగాడు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం మిక్సరు కరకరమంది. మూత తీసి చూస్తే స్క్రేపరు అంచు విరిగిపోయి ఉంది. విరిగిన ముక్క మిక్సరులో ఎంత వెతికినా లేదు.

ఇన్‌చార్జి పనివాళ్ళ వైపు తిరిగాడు.

"నిన్నటి సరుకేదీ?"

"అనాథ పిల్లల హాస్టలుకి పంపించాం సార్. సాయంత్రమే దించేసి వచ్చారు."

పరుగున వెళ్ళి కారెక్కాడు. గేటు దాటుతుంటే జిడ్డు చెయ్యెత్తి అడ్డం వచ్చాడు.

"పొద్దున్నించీ ఇక్కడే నిలబడి ఉన్నాడు సార్. మీతో మాట్లాడనిదే కదలనంటున్నాడు," అన్నాడు వాచ్‌మన్.

"అమ్ముకోవడానికి మంచి టైమే చూసుకున్నాడు. లాగెయ్ అవతలికి."

కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

హాస్టలు గుమ్మంలోనే వార్డెనమ్మ ఎదురైంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చానని చెప్పాడు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు తీరిందా మీకు? గొంతులో ప్లాస్టిక్ ముక్క దిగి చిన్నపిల్ల రక్తం కక్కుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు."

ఇన్‌చార్జి తడబడ్డాడు.

"ఇన్నేళ్ళుగా పంపిస్తున్నాం కదమ్మా. ఎప్పుడూ ఏమీ రాలేదే."

"ఎందుకు రాలేదు? ప్రతి సంచీలోనూ నలుసులు వచ్చాయి. ఫోన్లు చేస్తే మీ ఆఫీసులో పట్టించుకున్న పాపాన పోలేదు. మా వంటాయన కూర్చుని జల్లించి ఏరేస్తే గానీ పిల్లలకి పెట్టేవాళ్ళం కాదు."

"మరి ఈరోజు?"

"రాత్రి జల్లిస్తుంటే పెద్ద ముక్కే దొరికిందట. మీకు చెప్పి వస్తాను, నేనొచ్చేదాకా పొడి ముట్టుకోవద్దని తెల్లారగానే బయల్దేరాడు. ఎంతకీ రాలేదు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే చూడలేక నేనే జల్లించకుండా కలిపిచ్చాను."

"మా దగ్గరికా? మా ఫ్యాక్టరీకి వంటవాళ్ళెవరూ రాలేదమ్మా."

"వంటవాడినంటే మీ గేటు దగ్గరే తరిమేశారు," అంది వార్డెనమ్మ. "అందుకే పాపం, స్క్రేపర్లు అమ్మేవాడినని చెప్పుకుని మీ దగ్గరికి తిరుగుతున్నాడు."