వియ్యపురాళ్ళ గుండె పందెం

"అయితే ఈ నెల వదినగారే నెగ్గారన్నమాట!" అంటూ అత్తగారు సోఫాలోంచి లేచి, గదిలోకి పోయి దభాలున తలుపేసుకుంది. మరుక్షణమే లోపల సంచీ జిప్పు లాగిన చప్పుడు.

అల్లుడి గుండె జారిపోయింది. నిజానికి ఆ ఇంట్లో గుండెజబ్బు వచ్చింది అతనికి కాదు.

పదిహేను రోజుల తేడాలో అతని తల్లికీ, అత్తగారికీ ఒకే డాక్టరు గుండెలో వాల్వు మార్చాడు. కోలుకునేదాకా ఇద్దరి మకామూ ఇక్కడే. గుండె ఎంత అవస్థపడుతోందో రక్తంలో చూసి ఒక అంకె చెప్తారు. అది దిగేకొద్దీ గుండె కుదుటపడుతున్నట్టు. నెలకోసారి ఇద్దరికీ రక్తం తీయించి తెచ్చి, సాయంత్రం కాగితం చదివే పని అతని భార్యది. ఇవాళ చదివింది: అతని తల్లిది రెండు వందల ఐదు, అతని అత్తగారిది రెండు వందల పన్నెండు.

"తేడా ఏడే కదా అత్తయ్యా!" అన్నాడు తలుపు దగ్గర నిలబడి.

"ఏడంటే మాటలా అల్లుడుగారూ? పోయిన నెల నేను నాలుగుతో నెగ్గితేనే మీ అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది. నన్ను మా ఇంట్లో దింపెయ్యండి."

"దింపెయ్యరా, పాపం," అంది తల్లి తీరుబడిగా కాళ్ళు చాపుకుని. "ఉప్పు డబ్బా చుట్టూ తచ్చాడితే అంకె ఎలా దిగుతుంది?"

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఎవరండీ తచ్చాడింది? నిన్న మెట్ల మీద ఉస్సురని కూలబడింది ఎవరు?"

"నేనా? పార్కు చుట్టూ ఆరుసార్లు తిరిగాను!"

"నేను ఎనిమిది తిరుగుతాను!"

"ఆ సంచీ అవతల పడేసి రండి, అదీ చూద్దాం!"

ఇద్దరూ బూట్లు తొడుక్కున్నారు. వంగలేని వియ్యపురాలి లేసు రెండో ఆవిడ ముడేసింది, తిట్టడం మాత్రం ఆపకుండానే. దెప్పిపొడుచుకుంటూ గేటు దాటారు.

అతను వంటింట్లోకి వెళ్ళాడు. భార్య చిక్కుళ్ళు తుంచుతోంది.

"ఆ అంకెలు వాళ్ళకి చెప్పకపోతే నీ సొమ్మేం పోయింది? ఏదో ఒకరోజు నిజంగానే సంచీ సర్దుకుపోతారు."

"ఆపరేషనయిన కొత్తలో ఇద్దర్నీ సోఫాలోంచి లేపడానికి తల ప్రాణం తోకకొచ్చింది, మర్చిపోయారా? బతిమాలినా కదిలేవారా?"

"అందుకని నెలనెలా ఈ కురుక్షేత్రమా? నావల్ల కాదు. ఆ పరీక్ష ఆపెయ్యమని డాక్టరుకే చెప్తాను."

"ఏమండీ, ఆగండాగండి..." అని ఆమె చెయ్యి తుడుచుకునేలోగా ఫోను కలిసింది.

"ఆ పరీక్షా?" డాక్టరు నవ్వాడు. "నాలుగు నెలల కిందటే ఆపేశాం కదండీ! ఇద్దరి గుండెలూ భేషుగ్గా ఉన్నాయి. ఇప్పుడు తీసే రక్తం మాత్రల మోతాదు సరిచూడ్డానికే. మీ ఆవిడకి అప్పుడే చెప్పానే. నడక మాత్రం మాననివ్వకండి."

అతను ఫోను పెట్టేసి భార్యకేసి గుడ్లప్పగించి చూశాడు.

ఆమె మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

"వచ్చే నెల ఓడిపోయే వంతు మీ అమ్మగారిది. మూడుతో ఓడిస్తే సరిపోతుందా?"