ఔలీ బరువు

బరువు చూసే మిషను మీంచి దిగి, భీమరాజు దాన్ని హాల్లోంచి వరండాలోకి ఈడ్చాడు, ఇంట్లో గచ్చు పల్లంగా ఉందేమోనని. మళ్లీ ఎక్కాడు. ఎనభై అయిదు. చేతి వాచీ, మెళ్లో గొలుసు తీసి కిటికీలో పెట్టి ఊపిరి బిగబట్టి ఇంకోసారి ఎక్కాడు. ఎనభై అయిదే.

"బేబీ!" అని కేకేశాడు.

బేబీరాణి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ?"

"కూరల్లో ఏం పోస్తున్నావు నువ్వు?"

"ఏం పోస్తానండీ? చెంచాడు నూనె. గరిటె దాచేసి ఆ చెంచా ఇచ్చింది మీరే కదా!"

"మరి ఎందుకు పెరుగుతున్నానే నేను? పుల్కాలే కదా తింటున్నాను. పొద్దున్నే మన చేపల చెరువుల గట్లన్నీ చుట్టి వస్తున్నాను కదా. గాలి పీల్చి లావెక్కుతున్నానా?"

పొయ్యి మీద పులుసుందని బేబీరాణి లోపలికి వెళ్లిపోయింది.

భీమరాజు బాధ కలిదిండిలో ఎవరికీ అర్థం కాదు. మొదటిసారి ఉత్తరాదిన ఔలీ మంచు కొండల్లో, కాళ్లకి స్కీలనే జారుడు పలకలు కట్టుకుని మంచు మీద నిలబడగానే వెల్లకిలా పడ్డాడు. లేపడానికి ముగ్గురు కావలసి వచ్చారు. ఆ సిగ్గుతోనే అన్నం మానేసి, ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది కిలోలు తగ్గాడు. కిందటి జనవరిలో వాలు పైనుంచి కింద దాకా ఒక్కసారి కూడా పడకుండా జారుకుంటూ వచ్చాడు. చెవుల పక్క నుంచి గాలి కోసుకుంటూ పోతుంటే నలభై ఆరేళ్ల మనిషి పిల్లాడిలా కేకలు పెట్టాడు. మళ్లీ ఎప్పుడు వెళ్దామా అని అప్పటినుంచీ ఒకటే ధ్యాస.

తగ్గడం ఒక ఎత్తు, తగ్గిన చోట నిలబడడం ఇంకో ఎత్తు. వేసవి నుంచి బరువు మెల్లగా వెనక్కి వస్తోంది. థైరాయిడ్ లేదు, షుగర్ లేదు. ఏలూరు డాక్టరు మాత్రం మోకాళ్ల ఎక్స్‌రే చూసి కచ్చితంగా చెప్పేశాడు: "ఎనభై దాటితే మంచు మీదికి వెళ్లే ఆలోచన మానుకోండి." ఏటా జనాన్ని ఔలీ తీసుకెళ్లే తాడేపల్లిగూడెం భానుప్రకాష్‌కి తను వస్తున్నదీ లేనిదీ ఈ రోజే ఖాయంగా చెప్పాలి.

మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. పుల్కాలు, కొర్రమీను పులుసు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, బయట చేపల మేత లారీ హారన్ కొట్టింది. ఎడం చేత్తో తలుపు తీసి బయటికి వెళ్లాడు. తీరా చూస్తే ఆ లారీ పక్కింటి పెర్సిస్ వాళ్లది. వెంటనే వెనక్కి తిరిగాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు.

బేబీరాణి తన కంచంలోని చేప ముక్కలు రెండూ తీసి అతని కంచంలో పెడుతోంది. వాటి మీద పులుసు పోసింది. తన పుల్కా సగానికి తుంచి అతని పుల్కాల కింద దూర్చింది.

"ఓహో!" అన్నాడు భీమరాజు. "ఇదా సంగతి!"

ఆమె ఉలిక్కిపడింది. "మిగిలిపోతే పారెయ్యాలి కదండీ... మనసొప్పక..."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎండాకాలం నుంచండీ."

"ఎండాకాలం నుంచి!" అతని గొంతు ఇల్లంతా మోగింది. "ఆ గట్ల మీద కుక్కలు తరుముతుంటే నడిచాను. పెళ్లిళ్లలో బూరెలు వద్దంటే అందరూ నాకేదో రోగమనుకున్నారు. నోరు కట్టుకుని చచ్చాను. నువ్వేమో నా కంచం కింద గొయ్యి తవ్వుతున్నావా?"

"అలా అనకండీ. మీరు వెళ్లకూడదని కాదు..."

"ఇంకేంటి మరి? పోయినేడు నేనూ వస్తానన్నావు. నువ్వెక్కితే కొండ మీదికెళ్లే ఆ తీగ కుర్చీ తెగిపోద్దని నవ్వాను. ఆ కక్ష ఇలా తీర్చుకున్నావు. పడవెక్కాలంటేనే ఇద్దరు చెయ్యందించాలి నీకు! మంచు మీద జారడమంటే ఏంటో నీకేం తెలుసు?"

బేబీరాణి తల వంచుకుంది. ఆమె కంచంలో సగం పుల్కా, నాలుగు దోసకాయ ముక్కలు ఉన్నాయి. భుజం మీంచి జారుతున్న జాకెట్టు సర్దుకుని, ఒక దోసకాయ ముక్క నోట్లో వేసుకుంది.

అది చూసి అతనికి ఇంకా మండింది. చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాడు. తన గతేమైందో ఆమె కూడా వినాలని స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు.

"భానుప్రకాష్ గారూ, నేను భీమరాజుని. ఈ ఏడు నా పేరు కొట్టేయండి."

"అయ్యో, అదేంటండీ! మీరు లేకపోతే ఎలాగండీ?"

"ఎనభై అయిదు మీదున్నాను. డాక్టరు ఒప్పుకోడు. ఎవరి పుణ్యమో ఇప్పుడే తెలిసింది లెండి." బేబీరాణి వైపు గుర్రుగా చూశాడు. "ఈసారికి ఇంతే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు భానుప్రకాష్. "మరి మేడమ్‌గారు ఒక్కరే వచ్చేస్తారాండీ? పద్నాలుగు కిలోలు తగ్గానని చెప్పి, పోయిన నెల్లోనే పేరు రాయించుకున్నారు కదా!"