కిటికీకి ముప్పై మూడు డిగ్రీలు

"ఎర్ర తీగ ఎటు, నల్ల తీగ ఎటు మామయ్యా?" వైరు పట్టుకుని అడిగింది కోడలు.

"ఎటైనా ఫరవాలేదమ్మాయీ. ఈ థర్మిస్టర్‌కి ఉన్నవి రెండు కాళ్ళు, రెండూ కుడికాళ్ళే," అన్నారు మామగారు సోల్డరింగ్ ఐరన్ దించకుండా. కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్ళు ఉష్ణోగ్రతలు కొలిచి రిటైరైన మనిషి. మిరియపు గింజంత సెన్సరును పొడుగాటి వైరు చివర అతికించి చెప్పారు. "వేడెక్కేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. దాన్నిబట్టి ఈ లాగర్ పెట్టె డిగ్రీలు లెక్కగట్టి, నిమిషానికోసారి రాసుకుంటుంది."

"అయితే మీ అబ్బాయికంటే నయం. ఆయన వేడెక్కేకొద్దీ మొండికేస్తారు."

"వినబడుతోంది," హాల్లోంచి భర్త గొంతు.

గొడవంతా వంటింటి కిటికీ గురించి. గాలి చొరని ఆ గదిలో రెండు పూటలా ఉడికిపోతున్నానని, గోడకి కిటికీ పెట్టించమని ఆమె మూడేళ్ళుగా అడుగుతోంది. గోడకి అవతల వరండాలో భర్త వ్యాయామం సైకిలు ఉంది; కిటికీ పెడితే దాన్ని తీయాల్సిందే. కొన్నాక అతను దాన్నెక్కింది రెండుసార్లు.

"వేడి అన్నది నీ భ్రమ," అన్నాడతను వంటింటి గుమ్మంలోకి వచ్చి. "వారం రోజులు, వంట చేసే ప్రతి పూటా ముప్పై మూడు డిగ్రీలు దాటితే గోడ పగలగొట్టిస్తా. ఒక్క పూట తగ్గినా మళ్ళీ ఈ ఇంట్లో కిటికీ మాట వినపడకూడదు."

"సరేరా. అంకెలకి కొడుకు, కోడలు అన్న తేడా ఉండదు," అన్నారు మామగారు.

సెన్సరును పొయ్యికి దూరంగా మేకుకి వేలాడదీశారు. వైరు గోడ వెంట పాకి, ఆయన గది తలుపు కిందినుంచి లోపలికి పోయింది. లాగర్ అక్కడే, బల్ల మీద.

"వంట వేళ నా గది తలుపు తీయకండి. రీడింగులు చెదురుతాయి."

మర్నాడు పొద్దున్నే వాన పట్టుకుంది. మూడేళ్ళుగా ఆమెను ఉడకబెట్టిన వంటిల్లు, చుట్టాల ముందు కూర్చున్న అల్లరిపిల్లలా బుద్ధిగా చల్లబడింది.

"ఇవాళ హాయిగా ఉంది కదూ?" భర్త తొంగిచూశాడు.

"మీకుంటుంది. గుమ్మం దాటి లోపలికి రారుగా!"

అన్నదేగానీ, ఇలాగైతే పందెం పోతుందని ఆమెకు తెలిసిపోయింది. పరీక్షల్లో కూడా పక్కవాళ్ళ కాగితం చూసిన మనిషి కాదు. అయినా అతను అటు తిరగ్గానే సెన్సరును మేకు మీంచి తీసి కుక్కరు పక్కన పెట్టింది. వంటయ్యాక మళ్ళీ మేకుకి తగిలించింది. వాన వారమంతా వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు.

ఎనిమిదో రోజున మామగారు లాగర్‌ను కంప్యూటరుకి కలిపారు.

"ముప్పై ఐదు... ముప్పై నాలుగున్నర... ముప్పై ఐదు..." చదువుతున్న కొద్దీ భర్త మొహం వాడిపోయింది. "పద్నాలుగు పూటల్లో ఒక్కటీ తగ్గలేదే! ఇంత వానలోనా నాన్నా?"

"అంకెలు కదరా. వాటికి మొహమాటం ఉండదు."

అతను సైకిలు వైపు ఓసారి దిగులుగా చూసి, మేస్త్రీకి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు.

ఆమె మాత్రం సంతోషించలేకపోయింది. కుక్కరు పక్కన పెట్టినా ముప్పై ఐదేనా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ అనుమానంకన్నా తప్పు చేశానన్న బాధే ఎక్కువైంది.

"మామయ్యా, నేను దొంగపని చేశాను. రోజూ సెన్సరును కుక్కరు పక్కకి జరిపాను. ఆయనకి చెప్పేస్తాను. ఇలా వచ్చిన కిటికీ నాకొద్దు."

మామగారు ఆమెవైపు కళ్ళార్పకుండా చూశారు. తర్వాత నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లేచి గది తలుపు దగ్గరగా వేశారు.

"వాడికేం చెప్పకు," అన్నారు గొంతు తగ్గించి. "నువ్వు జరిపినదాని వైరు నా బల్ల కింద ఊరికే పడుంది.

"లాగర్‌కి కలిపింది ఇంకో సెన్సరు, అది నా గుప్పిట్లో ఉండేదమ్మాయీ."